తిత్లీ తుపాను తర్వాత మా ఊరి కుర్రాళ్లకి ఏ పని నేర్పిస్తే నిలబడతారు? తెలిసినవాళ్లు చెప్పండి

ఉద్దానం కుర్రోడు

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం. తిత్లీ తీరం దాటింది మా మండలంలోనే, 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున. ఆ రాత్రి సంగతి పేపర్లలో చాలా వచ్చింది కాబట్టి మళ్లీ రాయను. 2019 సంక్రాంతి కూడా వెళ్లిపోయింది, ఇప్పుడు ఊళ్లో పరిస్థితి చెప్తాను. కొబ్బరి పోయింది, జీడి పోయింది. నష్టపరిహారం కొబ్బరి చెట్టుకి 1,500 లెక్కన కొందరికి పడింది, కొందరు ఇంకా తిరుగుతున్నారు. మళ్లీ మొక్క పెట్టినా కొబ్బరి కాపుకొచ్చేసరికి ఆరేడేళ్లు. అప్పటిదాకా ఇల్లు ఎలా గడుస్తుందన్నదే అందరి టెన్షన్.

పద్దెనిమిది దాటి ముప్పై లోపున్న కుర్రాళ్లు చాలామంది ఖాళీగా ఉన్నారు. టెన్త్ పాసైనవాళ్లు, ఇంటర్ తప్పినవాళ్లు, డిగ్రీ చదివి కూర్చున్నవాళ్లు అందరూ ఉన్నారు. ఇదివరకు కాయ దింపు, పీచు పని, జీడిపిక్కల సీజన్, నాన్నతో పాటు తోటలో ఏదో ఒకటి ఉండేది. దాన్ని ఎవరూ ఉద్యోగం అనలేదు కానీ ఇంట్లోకి డబ్బులు వచ్చేవి. ఇప్పుడు పలాస స్టేషన్లో బ్యాగులు పట్టుకుని బ్యాచ్‌లు బ్యాచ్‌లుగా రైలెక్కుతున్నారు. హైదరాబాద్, చెన్నై, గుజరాత్, ఎక్కడ పని ఉందంటే అక్కడికి.

మొన్న ఒక ట్రైనింగ్ సంస్థ వాళ్లు ఊళ్లోకి వచ్చారు. మూడు నెలలు ఉచిత శిక్షణ, హాస్టల్, భోజనం, తర్వాత బెంగళూరులో ఉద్యోగం, జీతం తొమ్మిది వేలు అన్నారు. కోర్సులు రెండే, షాపింగ్ మాల్లో సేల్స్, హోటల్ సర్వీసు. ఆధార్ జెరాక్సులు, ఫోటోలు ఇమ్మంటున్నారు. మా యువజన సంఘంలో నన్ను కనుక్కోమన్నారు. పంపించవచ్చా?

నన్ను తినేస్తున్న సంగతి ఇంకొకటి ఉంది. తుపాను తర్వాత కరెంటు స్తంభాలు నిలబెట్టడానికి వేరే జిల్లాల నుంచి సిబ్బంది వచ్చారు, రాత్రీ పగలూ చేశారు, వాళ్లకి దణ్ణం పెట్టాలి. మా కుర్రాళ్లు గోతులు తవ్వారు, స్తంభాలు మోశారు, అన్నాలు వండి పెట్టారు. స్తంభం ఎక్కి తీగ లాగగలిగినవాడు మా ఊళ్లో ఒక్కడు లేడు. పడిపోయిన చెట్లు కోయడానికి మెషిన్ రంపాలూ బయటివే, పట్టేవాళ్లూ బయటివాళ్లే. ఎగిరిపోయిన రేకులు బిగించడానికి మేస్త్రీ కోసం వారాలు ఎదురుచూశాం. పని మొత్తం మా ఊళ్లోనే పుట్టింది, కూలి డబ్బులు మాత్రం బయటికి పోయాయి. అలాంటి పనులు మావాళ్లకి నేర్పించే దారి ఏదైనా ఉందా?

ఐటీఐ మాస్టారు

బాబూ, నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చెప్తాను. మీరు రాసినదాన్ని బట్టి అది డీడీయూ-జీకేవై, అంటే పల్లె యువతకి కేంద్రం పెట్టిన శిక్షణ పథకం, దాని బ్యాచ్ అయి ఉండాలి. పథకం చెడ్డదేం కాదు. 15 నుంచి 35 ఏళ్ల మధ్య ఉన్న పల్లెటూరి పేద పిల్లలకి ఫీజు లేకుండా నేర్పిస్తారు, సంస్థ కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలి. చిక్కు ఎక్కడంటే, మూడు నెలల జీతం పడినట్టు కాగితం చూపిస్తే సంస్థ లెక్క తేలిపోతుంది. నాలుగో నెల పిల్లాడు ఎక్కడున్నాడో అడిగేవాడు ఉండడు. ఇంకో సంగతి, ఉద్యోగంలో చేరాక పిల్లాడికి నెలకి వెయ్యి రూపాయలు అదనంగా రావాలి, సొంత జిల్లాలో అయితే రెండు నెలలు, సొంత రాష్ట్రంలో మూడు, వేరే రాష్ట్రంలో ఆరు నెలలు. ఈ మాట వాళ్లు మీతో అన్నారా? అనకపోతే మీరే అడగండి. కిందటి బ్యాచ్ పిల్లల్లో నలుగురి ఫోన్ నంబర్లు అడిగి తీసుకుని, సంస్థ వాళ్లు పక్కన లేనప్పుడు మాట్లాడండి. నంబర్లు ఇవ్వడానికి నసిగితే అక్కడితో వదిలేయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి.

ఊళ్లో ఉండి సొంతంగా చేసుకోవాలనుకునేవాళ్లకి దారి వేరు. బ్యాంకులు నడిపే స్వయం ఉపాధి శిక్షణ కేంద్రాలు, అంటే ఆర్‌సెటీలు జిల్లాకి ఒకటి చొప్పున ఉంటాయి. మన జిల్లావాళ్లకి రాజాంలో నైరెడ్ అనే అలాంటి సంస్థ కూడా ఉంది. పద్దెనిమిది దాటినవాళ్లకి హౌస్ వైరింగ్, సెల్‌ఫోన్ రిపేరు, బైకు మెకానిక్ లాంటివి నెల రోజుల కోర్సులు, భోజనం, వసతి ఉచితం. కోర్సు అయ్యాక రెండేళ్ల పాటు వాళ్లే కనుక్కుంటూ ఉండాలి, బ్యాంకు లోను విషయంలోనూ సాయం చేయాలి. ముద్ర లోన్లలో శిశు అనే రకం కింద 50 వేల దాకా ఇస్తారు, ఒక వైరింగ్ కుర్రాడికి డ్రిల్ మెషినూ, వైరింగ్ ఇన్సులేషన్ చూసే మెగ్గరూ, మిగతా సామాన్లూ కొనుక్కోవడానికి అది చాలు. నెల రోజుల్లో పూర్తి ఎలక్ట్రీషియన్ అయిపోతాడని మాత్రం అనుకోవద్దు. మా ట్రేడ్ రెండేళ్లు ఊరికే పెట్టలేదు. నెల కోర్సు చేసినవాడు పెద్ద మేస్త్రీ దగ్గర ఇంకో ఏడాది చేస్తేనే చెయ్యి తిరుగుతుంది.

మీరు అడిగిన అసలు ప్రశ్నకి వస్తాను, ఎందుకంటే ఇది మన దగ్గర ఎవరూ పట్టించుకోవడం లేదు. నేపాల్లో 2015 భూకంపం తర్వాత మేస్త్రీలు దొరక్క ఇళ్లు ఆగిపోతుంటే రెండు రకాల శిక్షణ పెట్టారు. పని తెలిసిన మేస్త్రీలకి ఏడు రోజులు, కొత్తవాళ్లకి 50 రోజులు. ఆ 50 రోజులూ బోర్డు మీద పాఠం చెప్పడం కాదు, సైటులో నిజంగా ఇల్లు కడుతూనే నేర్చుకోవడం. కోర్సు అయ్యేసరికి ఒక కుటుంబానికి ఇల్లు ఉంటుంది, కుర్రాడి చేతిలో పని ఉంటుంది. 2018 ఆగస్టులో కేరళ మునిగినప్పుడు కూడా అక్కడి ఐటీఐ పిల్లల్ని ఇళ్ల మీదకి పంపించి వైరింగు, ప్లంబింగు బాగు చేయించారు. మన దగ్గర తుపాను ఇళ్లు మంజూరవుతాయి, స్కిల్ ట్రైనింగులూ మంజూరవుతాయి, రెండూ ఒకే మండలంలో ఒకదానికొకటి తెలియకుండా నడుస్తాయి. మీ సంఘం తరఫున కలెక్టర్ గారికి ఇదే రాయండి, మా మండలంలో కట్టే ఇళ్ల మీదే మా పిల్లలకి తాపీ, రేకుల పని, వైరింగు నేర్పించండి అని. మేస్త్రీకి నేర్పినందుకు డబ్బు, పిల్లలకి రోజు భత్యం ఇమ్మనండి.

రేకుల పని చిన్నపని అనుకోవద్దు. గాలికి రేకు పైకి లేచేది ముందు చూరు దగ్గర, మూలల్లో, నడికొప్పు దగ్గర, అక్కడ పీల్పు ఎక్కువ. మధ్యలో ఎంత దూరంలో బోల్టు పెట్టారో అంచుల్లోనూ అంతే దూరంలో పెడితే మొదట లేచేది అంచే. అక్కడ బోల్టులు దగ్గర దగ్గరగా వేయాలి, రేకుని దూలానికి బిగిస్తే సరిపోదు, దూలాన్ని గోడకి, గోడని పునాదికి కట్టి ఉంచాలి. ఇది తెలిసిన మేస్త్రీ ఊరికి ఇద్దరున్నా వచ్చే తుపానుకి సగం కప్పులు నిలబడతాయి.

బెంగళూరు రిటర్న్

అన్నా, నేను ఇలాంటి బ్యాచ్‌లోనే వెళ్లాను, సంస్థ పేరు వద్దులే. ట్రైనింగ్ బాగానే ఉంది, అబద్ధం ఎందుకు, ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చాయి, కంప్యూటర్లో బిల్లు కొట్టడం వచ్చింది, నలుగురిలో మాట్లాడాలంటే ఉన్న భయం పోయింది. ఉద్యోగం కూడా ఇచ్చారు. తొమ్మిది వేలన్నారు, పీఎఫ్ పోను చేతికి ఎనిమిదికి కాస్త తక్కువ వచ్చేది. రూము ఆరుగురం కలిసి తీసుకున్నా అద్దె, తిండి, బస్సు, సెల్ అన్నీ పోగా ఇంటికి పంపడానికి వెయ్యి మిగిలితే గొప్ప. పొద్దున పది నుంచి రాత్రి పది దాకా నిలబడే పని. పండగలకి సెలవుండదు, పండగలప్పుడే అసలు పని. మా బ్యాచ్‌లో చాలామంది నాలుగైదు నెలల్లో వచ్చేశారు.

అందరికీ వద్దని అనను. డిగ్రీ ఉండి మాటకారి అయినవాడు అందులోనే పైకి వెళ్తాడు, మావాడు ఒకడు ఇప్పుడు ఫ్లోర్ ఇన్‌ఛార్జి. కానీ ఊళ్లో తోట పోయి అప్పు నెత్తి మీద ఉన్నవాడికి ఆ జీతం సరిపోదు. ఇంట్లో వాళ్లు డబ్బుల కోసం చూస్తుంటారు, మనం పంపలేం, ఫోన్ చేయడానికి కూడా మొహం చెల్లదు. దీని గురించి ట్రైనింగ్‌లో ఒక్కరూ చెప్పరు. కాబట్టి పంపే ముందు ఒక్కొక్కరి ఇంట్లో నెలకి ఎంత పంపితే గడుస్తుందో లెక్క వేసి, అప్పుడు ఎవర్ని పంపాలో చూడండి.

దోహా పైపు వెల్డర్

అందరూ ఊళ్లో ఉంచడం గురించే మాట్లాడుతున్నారు, నేను ఇంకోలా చెప్తాను, ఏమీ అనుకోవద్దు. మాది సోంపేట పక్కన. మన వైపు నుంచి గల్ఫుకి, సింగపూరుకి వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు వెళ్లడం ఈరోజుది కాదు. మా వీధిలో కట్టిన ప్రతి స్లాబు ఇల్లూ ఆ డబ్బులే. తుపాను వచ్చి తోట మొత్తం పోయినా మా ఇల్లు గడుస్తోందంటే నేను ఇక్కడుండి పంపడం వల్లే. ఊళ్లోంచి వెళ్లడం తప్పు కాదు తమ్ముడూ, చేతిలో పని లేకుండా వెళ్లడమే తప్పు. హెల్పరుగా దిగినవాడు పదేళ్లైనా హెల్పరే. అదే క్యాంపులో అదే ఎండలో పైపు వెల్డరు జీతం వాడికి రెండు మూడింతలు.

వెల్డింగ్ అంటే గేట్లు, గ్రిల్స్ అతికించడం అనుకుంటారు మనవాళ్లు. కంపెనీ వాళ్లు సిక్స్‌జీ అనే టెస్ట్ పెడతారు. సిక్స్‌జీ అంటే పైపుని 45 డిగ్రీల వాలులో బిగించేస్తారు, దాన్ని తిప్పకూడదు, నువ్వే చుట్టూ తిరుగుతూ కింద, పక్కన, పైన అన్ని వైపులా వెల్డ్ చేయాలి. అడుగు వరస ఆర్గాన్ గ్యాస్ వెల్డింగ్‌తో, పైన రాడ్‌తో. తర్వాత ఎక్స్‌రే తీస్తారు, లోపల బుడగలు హద్దు మించి కనిపిస్తే ఫెయిలే. అది పాసవ్వాలంటే ముందు ప్లేటు మీద చెయ్యి కుదరాలి, ఆ తర్వాత పైపు, నెలల తరబడి రాడ్లు కాల్చాలి. ఐటీఐ వెల్డర్ ఏడాది కోర్సు చేసి, విశాఖలో షిప్‌యార్డులోనో ఫ్యాబ్రికేషన్ షాపులోనో అప్రెంటిస్ చేసి వస్తే గట్టిగా ఉంటాడు. పదిహేను రోజుల్లో సిక్స్‌జీ నేర్పిస్తాం, వీసా కూడా మేమే చూస్తాం అనేవాడు కనిపిస్తే దండం పెట్టి వచ్చేయండి.

తుపాను తర్వాత మన ఊళ్లలో ఏజెంట్లు ఎక్కువయ్యారని ఇంట్లోవాళ్లు చెప్తున్నారు. కష్టంలో ఉన్న ఇల్లు వాళ్లకి బాగా తెలుస్తుంది. ఒకటి గుర్తుంచుకోండి, రిజిస్టర్డ్ ఏజెంటు ఎక్కువలో ఎక్కువ తీసుకోవాల్సింది 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతే. రసీదు ఇవ్వాలి. లైసెన్స్ నంబరు కేంద్ర ప్రభుత్వం వాళ్ల ఈమైగ్రేట్ సైటులో కొడితే కనిపించాలి. విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడికెళ్లాక మారుస్తాం అంటే ఎట్టి పరిస్థితుల్లో కదలొద్దు. పరిహారం డబ్బులు చేతికి రాగానే వాటిని తీసుకెళ్లి ఏజెంటు చేతిలో పోసినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు, ఇప్పుడు తోటా లేదు, వీసా లేదు.

ఉద్దానం కుర్రోడు

మాస్టారూ, అన్నా, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్. మాస్టారూ, తుపాను ఇళ్ల మీద శిక్షణ అన్న మాట మా సంఘంలో చదివి వినిపించాను, అందరికీ నచ్చింది, అర్జీ రాస్తున్నాం. ఒక సందేహం. టెన్త్ కూడా పాసవ్వని వాళ్లు కొందరున్నారు, చెట్టెక్కడం తప్ప ఇంకేమీ రాదు వాళ్లకి. ఇప్పుడు చెట్లే లేవు. వాళ్లని ఏం చేయాలి?

అంటుకట్టే మావయ్య

అల్లుడూ, వాళ్ల గురించే నా దిగులు కూడా. నర్సరీల్లోనే నా వయసంతా గడిచింది. చెట్టెక్కేవాడికి చెట్టు సంగతి తెలుసు, ఆ తెలివిని పారేసి వాడి చేత మాల్లో బట్టలు మడత పెట్టించడం అన్యాయం.

ముందు తోటలు శుభ్రం కావాలి. పడిన కొబ్బరి మొద్దులు అలాగే కుళ్లిపోతే వాటిలో కొమ్ముపురుగు పెరుగుతుంది, అది మిగిలిన చెట్ల మొవ్వులు తినేస్తుంది, రేపు పెట్టబోయే మొక్కలనీ వదలదు. కాబట్టి మొద్దులు కోసి తియ్యడం అన్నది ఇంకా చాలాకాలం ఉండే పని. మెషిన్ రంపం నేర్చుకోవడానికి చదువు అక్కర్లేదు, జాగ్రత్త కావాలి, కాళ్లకి బూట్లు, కళ్లకి అద్దాలు, చెట్టు ఏ పక్క బరువుందో చూసే కన్ను. మన కుర్రాళ్లకి ఆ కన్ను ముందే ఉంది. నలుగురు కలిసి ఒక మెషిన్ కొనుక్కుంటే వచ్చే తుపానుకి ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు.

రెండోది జీడి అంటు మొక్కలు కట్టడం. ఉద్దానం అంతా మళ్లీ జీడి వేయాలంటే ఎన్ని మొక్కలు కావాలో ఆలోచించు. గింజ నుంచి మొలిచిన మొక్క తల్లి లాగ కాస్తుందన్న నమ్మకం లేదు, అంటు మొక్క అయితే మూడో ఏడాది నుంచి కాపు చూడొచ్చు. బాపట్ల పరిశోధన కేంద్రం వాళ్ల బీపీపీ-8 లాంటి రకాలున్నాయి. ఆ అంట్లు బయటి నుంచి లారీల్లో తెప్పించుకోవడం ఎందుకు, మనవాళ్లే కట్టొచ్చు. రెండు నెలల లోపు లేత మొక్క తీసుకుని, పైన కోసేసి, నడిమధ్యన మూడు నాలుగు వేళ్ల మందం లోతుకి చీలిక పెట్టాలి. మంచి చెట్టు నుంచి పెన్సిల్ లావు కొమ్మ, దాని ఆకులు వారం పది రోజుల ముందే తుంచేసి ఉంచితే మొగ్గ ఉబ్బుతుంది, అప్పుడు దాన్ని కోసి కింద రెండు పక్కలా చెక్కి చీలికలో కూర్చోబెట్టి ప్లాస్టిక్ రిబ్బనుతో బిగించి, పైన చిన్న కవరు తొడగాలి. బెరడూ బెరడూ కనీసం ఒక పక్కన అతుక్కునేలా కూర్చోవాలి, అదే అసలు కిటుకు. మూడు నాలుగు వారాల్లో చిగురు వస్తుంది. మొదట్లో పదికి నాలుగు బతికితే కంగారు పడకూడదు, కత్తి పదును, చేతి వేగం కుదిరాక ఏడెనిమిది బతుకుతాయి. ఉద్యానశాఖ వాళ్లని అడిగితే నేర్పిస్తారు, నేర్చుకున్నవాళ్ల దగ్గరే మొక్కలు కొనేలా ముందే మాట తీసుకోండి. కొనేవాడు లేకుండా నర్సరీ పెడితే మొక్కలు సంచుల్లోనే ముదిరిపోతాయి.

చెట్టెక్కడం కూడా వదలొద్దు. కొబ్బరి బోర్డు వాళ్లు మెషిన్‌తో ఎక్కడం, మొవ్వు శుభ్రం చేయడం, పురుగు మందు పెట్టడం కలిపి ఆరు రోజుల శిక్షణ ఇస్తారు, ఎక్కే పరికరమూ ఇస్తారు, ఇన్సూరెన్సూ ఉంటుంది. మిగిలిన చెట్లని బతికించుకోవడానికి ఇప్పుడు అలాంటివాళ్లే కావాలి.

బారువ అమ్మాయి

ఇంతసేపూ కుర్రాళ్లు, కుర్రాళ్లు అని రాస్తున్నారు. అమ్మాయిల సంగతి ఏంటి? ప్రతి తుపానుకీ మాకు ఇచ్చేది కుట్టుమిషనే. ఊళ్లో ఇప్పటికే ఇరవై మంది కుడుతుంటే ఇంకో ఇరవై మందికి నేర్పిస్తే జాకెట్టు కూలి తగ్గడం తప్ప ఏం ఒరుగుతుంది? పలాస జీడి ఫ్యాక్టరీల్లో పిక్కలు ఒలిచే పని ఉంది, పిక్క తొక్కలో ఉండే నూనెకి వేళ్లు మాడిపోతాయి, మా అమ్మ చేతులు చూస్తే తెలుస్తుంది. చదువుకున్న పిల్లల్ని కూడా అదే పనికి పంపమంటారా?

ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని ఊరు ఏది? సోంపేట, పలాస ఆస్పత్రుల్లో డయాలసిస్ నడుస్తోంది, పేషెంట్లు ఎక్కువ, మెషిన్ నడిపే టెక్నీషియన్లు తక్కువ. ఇంటర్ బైపీసీ చదివిన అమ్మాయిలకి డయాలసిస్ టెక్నీషియన్ డిప్లొమా రెండేళ్లు. తక్కువ చదివినవాళ్లకి హాస్పిటల్ అసిస్టెంట్ కోర్సు కొద్ది నెలలే. మన ఊరివాళ్లనే మనం చూసుకుంటాం, రోజూ ఇంటికి వచ్చేయొచ్చు, ఇంట్లోవాళ్లూ పంపిస్తారు. అమ్మాయిల్ని దూరం పంపరన్నది అందరికీ తెలుసు, అయినా అన్ని కోర్సులూ దూరంలోనే పెడతారు. మా స్నేహితురాలికి శ్రీకాకుళంలో సీటు వచ్చినా హాస్టల్ లేదని వాళ్ల నాన్న ఆపేశారు. అర్జీ రాస్తున్నారు కదా, అందులో ఇది కూడా రాయండి. అమ్మాయిల బ్యాచ్ పలాసలోనో సోంపేటలోనో పెట్టాలని, లేకపోతే బస్సు ఛార్జీలు ఇవ్వాలని.

ఐటీఐ మాస్టారు

అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. అర్జీలో మొదటి పేజీలోనే పెట్టండి. ఇంకొకటి, అర్జీ అంటే ఊరికే శిక్షణ ఇప్పించండి అని రాయొద్దు. పేరు, వయసు, చదువు, ఏ పని కావాలి, ఇంటి నుంచి ఎంత దూరం వెళ్లగలరు, ఈ వివరాలన్నీ పట్టిక కట్టి జతచేయండి. ఆఫీసులో బ్యాచ్ కట్టేవాడికి 25, 30 మంది పేర్లు రెడీగా దొరికితే మీ ఊరికి ముందు వస్తాడు.

ఉద్దానం కుర్రోడు

సరే మాస్టారూ. నిన్న సాయంత్రం రామాలయం దగ్గర కూర్చుని ఇంటింటి పేర్లు రాయడం మొదలుపెట్టాం. వెల్డింగ్ అడిగినవాళ్లే ఎక్కువ, దోహా అన్న రాసింది చదివాక ఏడాది కోర్సుకే వెళ్తామన్నారు. చెట్టెక్కేవాళ్లు అంట్లకీ మెషిన్ రంపానికీ ఒప్పుకున్నారు. బెంగళూరు బ్యాచ్‌కి డిగ్రీవాళ్లు ముగ్గురు వెళ్తామంటున్నారు, ముందు పాత బ్యాచ్ వాళ్లతో మాట్లాడిస్తాను. చెల్లీ, అమ్మాయిల పేర్లు రాయడానికి మా అక్క ఇళ్లకి తిరుగుతోంది, బారువ వైపు నుంచి కూడా పేర్లు ఇస్తే ఒకే అర్జీలో పెడదాం. మావయ్యా, ఉద్యానశాఖ వాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు మీరు కూడా రాగలరా? మేం అడిగితే చూద్దాం అంటారు, పని తెలిసిన పెద్దాయన పక్కనుంటే మాట వేరేగా ఉంటుంది.

అంటుకట్టే మావయ్య

వస్తాను. మంగళవారం కాకుండా ఏ రోజైనా సరే. కత్తి, రిబ్బను నేనే తెస్తాను, మీరు జీడి మొక్కలు ఓ యాభై సంచుల్లో సిద్ధంగా ఉంచండి.